ఎల్లలెరుగని గానం

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు కొంత దూరాన, దాయిరా మీర్ మోమిన్ అనే పురాతనమైన ఖబరస్తాన్ ఉంది. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కొలువులో ప్రధానామాత్యుడుగా ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ దీనిని నెలకొల్పాడు. ఆయన ఇరాన్ దేశం నుండి వచ్చి, ఈ నగర నిర్మాణానికి రూపకల్పన చేసి, చివరకు ఈ మట్టిలోనే కలిసిపోయాడు. తరువాతి కాలంలో సాలార్‌జంగ్ వంశానికి చెందిన దివానులు కూడా ఇక్కడే సమాధి అయ్యారు. మంత్రులు, పండితులు, ప్రభువులు శాశ్వత నిద్రలో ఉన్న ఆ చోటనే, ఏ పదవీ లేని, ఏ సంస్థానానికీ అధిపతి కాని ఒక గాయకుని సమాధి కూడా ఉంది. ఆయనే ఇరవయ్యో శతాబ్దపు హిందూస్థానీ సంగీత ప్రపంచంలో మకుటం లేని మహారాజుగా వెలుగొందిన ఉస్తాద్ బడే గులాం అలీఖాన్.

ఎక్కడో పంజాబులో పుట్టిన ఆ మహాగాయకుడు మూసీనది ఒడ్డున ఎందుకు విశ్రమించవలసి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ఆయన జీవితాన్ని తెలుసుకోవాలి. అది ఒక గాయకుని కథ మాత్రమే కాదు. దేశం రెండుగా చీలినప్పుడు తన చోటు ఏదో వెతుక్కున్న ఒక మనిషి కథ. ఆయన గానాన్ని ప్రేమించి, ఆయనకు ఆ చోటు చూపిన మిత్రుల కథ కూడా.

బడే గులాం అలీఖాన్ 1902 ఏప్రిల్ 2న లాహోరుకు సమీపంలోని కసూర్ పట్టణంలో జన్మించారు. నేడు ఆ పట్టణం పాకిస్థాన్‌లో ఉంది. సూఫీ కవి బుల్లేషా సమాధి వల్ల కసూరుకు ప్రసిద్ధి కలిగింది. భక్తి గీతాలు, జానపద గేయాలు ఆ నేలలో సహజంగా పలుకుతాయి. గులాం అలీఖాన్ తండ్రి అలీబక్ష్ ఖాన్ గాయకుడు. పినతండ్రి కాలే ఖాన్ పటియాలా బాణీలో పేరెన్నికగన్న విద్వాంసుడు. హిందూస్థానీ సంగీతంలో గురుశిష్య పరంపరగా వచ్చే బాణీని ఘరానా అంటారు. పంజాబులోని పటియాలా సంస్థానంలో వర్ధిల్లిన బాణీ కాబట్టి వారిది పటియాలా ఘరానా అయింది.

బాల్యంలోనే గులాం అలీ పినతండ్రి వద్ద గాత్రం అభ్యసించడం మొదలుపెట్టారు. సారంగి వాయించడం కూడా నేర్చుకున్నారు. సారంగి మనిషి గొంతుకు అతి దగ్గరగా పలికే వాద్యం. గాయకుడు పలికిన ప్రతి గమకాన్నీ వెంటనే అనుసరించి వాయించడం సారంగి కళాకారుని ధర్మం. ఈ సాధన వల్ల ఆయన గొంతుకు అసాధారణమైన సౌలభ్యం అబ్బింది. ఇంటిలో సంగీతసంపద ఉన్నా ధనసంపద లేదు. అందువల్ల ఇతరుల గానానికి సారంగిపై సహకరిస్తూ జీవనం సాగించిన రోజులు కూడా ఆయన జీవితంలో ఉన్నాయి.

1938లో కలకత్తాలో చేసిన కచేరీతో ఆయన పేరు దేశమంతటా మారుమోగింది. ఆయన భారీ విగ్రహం, గుబురు మీసాలు చూసినవారు మల్లయోధుడేమో అనుకునేవారు. కాని ఒడిలో స్వరమండలం పెట్టుకొని, దాని తీగలను మీటుతూ గొంతు విప్పితే ఆ స్వరం వెన్నెలలా జాలువారేది. మూడు స్థాయిలలోనూ ఆయన గాత్రం అవలీలగా సంచరించేది. మెరుపువేగంతో సాగే తానాలు, మన కర్ణాటక సంగీతంలోని కల్పనస్వరాలను తలపించే సర్గమ్‌లు ఆయన కచేరీకి ప్రాణం. 'సబ్‌రంగ్' అనే కలం పేరుతో ఆయన ఎన్నో కృతులను స్వయంగా రచించి స్వరపరిచారు. సబ్‌రంగ్ అంటే అన్ని రంగులూ అని అర్థం. ఆ పేరు ఆయన గానానికి చక్కగా తగినది.

ఆయన సంగీతాన్ని అందరూ ఒకే విధంగా మెచ్చుకోలేదు. ఖయాల్ గానంలో రాగాన్ని విలంబంగా, తీరికగా విస్తరించడమే గొప్ప అని భావించే సంప్రదాయవాదులు కొందరు ఆయన ఆలాపన కురచ అని పెదవి విరిచారు. రాగవిస్తారంలోని సౌందర్యం ఆయనకు తెలియక కాదు. అయితే సామాన్య శ్రోతలు గంటలకొద్దీ సాగే ఆలాపనను ఆస్వాదించలేరని ఆయన నమ్మకం. అప్పటికే కాలం మారుతోంది. సంస్థానాల దర్బారులలో పదిమంది రసికుల నడుమ వినిపించిన సంగీతం సంగీత సమ్మేళనాల ద్వారా, గ్రామఫోను రికార్డుల ద్వారా, రేడియో ద్వారా వేలమందికి చేరుతోంది. ఆ వేలమందిని దృష్టిలో ఉంచుకొని ఆయన పాడారు. శృంగార, విరహ భావాలను పలికించే ఠుమ్రీ గానానికి పంజాబు జానపద బాణీని జోడించి కొత్త సొగసు చేకూర్చారు. ఆయన ఠుమ్రీలలో మిక్కిలి ప్రసిద్ధమైన 'యాద్ పియా కీ ఆయే' అనే గీతాన్ని దివంగతురాలైన భార్యను తలచుకొని కూర్చారని చెబుతారు. సొంత దుఃఖం లక్షలమంది పాడుకొనే పాట కావడం కళకు మాత్రమే సాధ్యమైన విషయం.

1947లో దేశ విభజన జరిగింది. ఎన్నో లక్షల కుటుంబాలు ఇల్లూవాకిలీ వదిలి సరిహద్దులు దాటాయి. గులాం అలీఖాన్ స్వస్థలం పాకిస్థాన్‌లోకి పోయింది. ఆయన కూడా అక్కడికే వెళ్ళారు. అయితే ఆయన గానాన్ని గుండెల్లో పెట్టుకున్న శ్రోతలు అనేకులు బొంబాయిలో, కలకత్తాలో ఉన్నారు. పుట్టిన ఊరు ఒక దేశంలో, పాట వినే మనుషులు మరొక దేశంలో ఉండిపోయారు. ఇది సామాన్యమైన సంకటం కాదు. కొంతకాలానికి ఆయన భారతదేశంలోనే స్థిరపడాలని నిశ్చయించుకున్నారు. ఆయన గానాభిమాని, రాజకీయ నాయకుడు మొరార్జీ దేశాయి చొరవతో 1957లో ఆయనకు భారత పౌరసత్వం లభించింది. బొంబాయిలోని మలబార్ హిల్‌లో నివాసం కూడా ఏర్పాటయింది. ప్రతి ఇంటిలోనూ ఒక బిడ్డకైనా సంగీతం నేర్పి ఉంటే దేశం ముక్కలయ్యేది కాదని ఆయన అభిప్రాయపడేవారని చెబుతారు. ఆ మాటలో అమాయకత్వం ఉందని కొందరు అనవచ్చు. కాని విభజన గాయాన్ని స్వయంగా అనుభవించిన మనిషి మనసులో మెదిలిన భావన అది. ముస్లిం అయిన ఆయన కృష్ణుని లీలలను వర్ణించే కృతులను, హరినామ సంకీర్తనను తన్మయత్వంతో ఆలపించేవారు. ఆయన దృష్టిలో స్వరానికి మతం లేదు.

శాస్త్రీయ గాయకుడు సినిమాకు పాడటం చిన్నతనమని భావించిన కాలం అది. దర్శకుడు కె. ఆసిఫ్ తన 'మొఘల్-ఎ-ఆజం' చిత్రంలో తాన్‌సేన్ పాత్రకు ఆయన గాత్రం కావాలని పట్టుబట్టారు. తప్పించుకోవడానికి గులాం అలీఖాన్ పాటకు 25,000 రూపాయలు అడిగారు. పేరున్న నేపథ్య గాయకులకు పాటకు 500 రూపాయలైనా దక్కని రోజులవి అంటారు. అయినా ఆసిఫ్ వెనుకాడలేదు. నౌషాద్ సంగీత దర్శకత్వంలో ఆయన సోహనీ, రాగేశ్రీ రాగాలలో రెండు పాటలు పాడారు. సోహనీ రాగం మన హంసానందికి దగ్గరగా ఉంటుంది. 1960లో విడుదలైన ఆ చిత్రం ద్వారా, కచేరీ గడప ఎన్నడూ తొక్కని కోట్లాది సామాన్యులు ఆయన గానాన్ని విన్నారు.

దక్షిణాదిలోనూ ఆయనకు ఆత్మీయులు ఏర్పడ్డారు. కర్ణాటక సంగీత విద్వాంసుడు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం ఆయన గానాన్ని మనసారా ఆరాధించారు. తెలుగువారి అభిమాన గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు మద్రాసులోని తన ఇంట ఆయనకు ఆతిథ్యమిచ్చి గౌరవించారు. విజయనగరంలో శాస్త్రీయ సంగీతం అభ్యసించి సినీరంగంలో అడుగుపెట్టిన ఘంటసాలకు ఆ మహావిద్వాంసుని ఆతిథ్యం ఒక భాగ్యంగా తోచింది. ఒకరిది పంజాబీ, మరొకరిది తెలుగు. ఒకరిది హిందూస్థానీ, మరొకరిది కర్ణాటకం. అయినా వారి నడుమ దుబాసీ అవసరం లేకపోయింది. సప్తస్వరాలే వారికి ఉమ్మడి భాష.

1962లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ పురస్కారం ఇచ్చింది. అదే సంవత్సరం సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా లభించింది. కీర్తి శిఖరాగ్రానికి చేరిన ఆ కాలంలోనే విధి ఆయనను పరీక్షించింది. దీర్ఘవ్యాధితో శరీరం పాక్షికంగా పక్షవాతానికి గురైంది. గాయకునికి శ్వాసే ఆస్తి. నాలుక, పెదవులు, గొంతు మాట వినకపోతే అతనికి మిగిలేది ఏమిటి? ఇంకొకరైతే స్వరమండలాన్ని మూలన పెట్టి గతవైభవాన్ని తలచుకుంటూ కాలం గడిపేవారు. ఆయన ఆ పని చేయలేదు. అరవయ్యేళ్ళ వయసులో తిరిగి సాధనకు కూర్చున్నారు. కుమారుడు మునవ్వర్ అలీఖాన్ వెనుక కూర్చుని గొంతు కలిపి తోడ్పడగా మళ్ళీ వేదిక ఎక్కారు. ఒకనాడు చెయ్యి పట్టి స్వరం నేర్పిన తండ్రికి, నేడు ఆ కుమారుడే స్వరమై అండగా నిలిచాడు. ఆ కచేరీలలో మునుపటి మెరుపులు కొన్ని తగ్గి ఉండవచ్చు. కాని శ్రోతలు అక్కడ కేవలం సంగీతం వినలేదు. మానవ సంకల్పం ఎంత బలమైనదో కళ్ళారా చూశారు.

ఈ చివరి సంవత్సరాలలో హైదరాబాదు ఆయనకు ఆశ్రయమిచ్చింది. పాయిగా వంశీయుడైన నవాబ్ జహీర్ యార్ జంగ్ సంగీతప్రియుడు. ఆయన తన బషీర్‌బాగ్ భవనంలో ఉస్తాద్‌కు వసతి కల్పించారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్దారీ విధానం రద్దయింది. నవాబుల అధికారం, ఆదాయం తరిగిపోయాయి. కళాపోషణ ఒకనాడు ప్రభువులకు అలంకారం. అధికారం పోయిన తరువాత కూడా అది మిగిలిందంటే, దానిని అలంకారం అనలేము, స్నేహం అనాలి. పాటకుని శరీరం బలహీనమై, కచేరీలు తగ్గిన కాలంలో దొరికిన ఆశ్రయం కాబట్టి ఆ స్నేహం విలువ మరింత పెద్దది.

1968 ఏప్రిల్‌లో ఆ బషీర్‌బాగ్ భవనంలోనే ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఆరు సంవత్సరాలు. ఆయన పార్థివదేహాన్ని పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. కసూరులో మొదలైన ఆ ప్రయాణం లాహోరు, కలకత్తా, బొంబాయిల మీదుగా సాగి హైదరాబాదులో ముగిసింది. ఏ దేశం తనదో తేల్చుకోవలసి వచ్చిన మనిషికి, ఎందరో పరదేశులను తనవారిని చేసుకున్న ఈ నగరం తన గర్భంలో చోటిచ్చింది.

ఆప్తుని కోల్పోయిన మిత్రులు కన్నీరు కార్చి ఊరుకోలేదు. ఆయన నివసించిన బషీర్‌బాగ్‌లోని ప్రధాన వీధికి ఆయన పేరు పెట్టారు. ఆ పాత భవనం నేడు లేదు. ఆ పేటకు దాని పేరు మాత్రం మిగిలింది. ఆయన శిష్యురాలు మాలతీ గిలానీ గురువు పేరిట స్మారక సభను స్థాపించి, 'సబ్‌రంగ్' పేరుతో సంగీతోత్సవాలు నిర్వహించారు. ప్రసిద్ధ ఉర్దూ రచయిత్రి ఖుర్రతుల్ ఐన్ హైదర్‌తో కలిసి ఆయన జీవితచరిత్రను రచించి 2003లో వెలువరించారు. తలచుకోవడమంటే కేవలం పొగడటం కాదని, తెలిసినది తరువాతి తరానికి భద్రంగా అందించడమని ఆమె కృషి నిరూపిస్తుంది.

ఇంకొక విధమైన స్మరణ కూడా ఉంది. అది పాడటం. మునవ్వర్ అలీఖాన్ 1989లో మరణించేవరకు తండ్రి బాణీని శిష్యులకు బోధించారు. ఆయన వద్ద నేర్చుకున్న బెంగాలీ గాయకుడు అజయ్ చక్రవర్తి ఆ బాణీకి దేశవిదేశాలలో ప్రాచుర్యం తెచ్చారు. బెంగాలీ చలనచిత్ర గాయని సంధ్యా ముఖర్జీ ఉస్తాద్ శిష్యురాలే. సరిహద్దుకు ఆవల, పాకిస్థాన్‌లో పుట్టిపెరిగిన గజల్ గాయకుడు గులాం అలీకి ఆ పేరు పెట్టినది ఈ ఉస్తాద్ మీది అభిమానంతోనే. ఆయన ఉస్తాద్ వద్ద, ఉస్తాద్ సోదరుల వద్ద శిక్షణ పొందారు. విభజన గీసిన గీత మనుషులను ఆపగలిగింది గాని స్వరాన్ని ఆపలేకపోయింది.

బడే గులాం అలీఖాన్ ఆస్తిపాస్తులు కూడబెట్టలేదు. పుట్టిన ఊరిని పోగొట్టుకున్నారు. తుదకు దేహబలాన్ని కూడా పోగొట్టుకున్నారు. కాని సాధనను ఒక్కనాడూ విడిచిపెట్టలేదు. అందుకే ప్రతి మలుపులోనూ ఆయనను ఆదరించే చేయి ఒకటి ముందుకు వచ్చింది. కళాకారుడు తన కళకు సత్యంగా ఉంటే సమాజం అతనికి నీడనిస్తుంది. సమాజం ఆ కళాకారుని కష్టకాలంలో విడువకుండా ఉంటే అతని కళ దానికి తరతరాల సంపద అవుతుంది. ఉస్తాద్ జీవితం, ఆయన మిత్రుల ఆదరణ విద్యార్థులకు నేర్పే పాఠం ఇదే.