పెంచిన తండ్రి జోతిరావు ఫూలే

కన్నవారు తమ బిడ్డను పెంచుట లోకసహజము. పరులు కన్న బిడ్డను ఒడిలోనికి తీసికొని, వాని కొఱకు బంధుకోటిని ఎదిరించి, తన యింటిపేరును ఆస్తిని వానికి వ్రాసియిచ్చుట మాత్రము అరుదు. మహాత్మా జోతిరావు ఫూలే స్త్రీవిద్యకు బాటలు వేసిన సంస్కర్తగా అందఱకును తెలిసినవాడే. ఆయన ఇంటిలో యశ్వంతుడను బాలుడు కొడుకైన కథ అంతగా తెలియనిది.

ఫూలేల పూర్వుల యింటిపేరు గోర్హే. సతారా ప్రాంతమందలి కట్‌గుణ్ వారి స్వగ్రామము. తోటలు పెంచి జీవించు మాలీ కులస్థులు వారు. కాలక్రమమున ఆ కుటుంబము పూనా చేరి పీష్వాల కొలువునకు పూలు అందించుచుండుటచే వారికి పూలవారు, అనగా ఫూలే, అను పేరు స్థిరపడెను. ఆ యింట గోవిందరావు, చిమణాబాయి దంపతులకు 1827లో జోతిరావు జన్మించెను. పసితనముననే తల్లి మరణించగా, సగుణాబాయి యను బంధువు, ఆమెయు బాలవితంతువే, ఆ శిశువును తన బిడ్డవలె సాకెను. కనకపోయినను తల్లి కావచ్చునని జోతిరావునకు ఉగ్గుపాలనాడే తెలిసెను.

మాలీ పిల్లవానికి చదువేల యని కొందఱు చెప్పిన మాట విని, గోవిందరావు కుమారుని బడి మాన్పించి తోటపనిలో పెట్టెను. బాలుని తెలివిని గుర్తించిన పొరుగువారు గఫార్ బేగ్ మున్షీయు, లిజిత్ దొరయు తండ్రికి నచ్చజెప్పిరి. 1841లో జోతిరావు మరల బడిలో చేరెను. 1840లోనే సావిత్రితో ఆయన వివాహము జరిగియుండెను. తాను నేర్చిన చదువును భార్యకు నేర్పి, 1848లో పూనాలోని భిడేవాడలో బాలికల పాఠశాల తెఱచెను. సావిత్రిబాయి అందు ఉపాధ్యాయిని యయ్యెను. ఊరివారి నిందలకు వెఱచిన గోవిందరావు, బడియో యిల్లో తేల్చుకొమ్మని కొడుకును నిలదీసెను. 1849లో ఆ దంపతులు ఇల్లు విడిచిరి గాని బడి విడువలేదు.

ఏండ్లు గడచినను వారికి సంతానము కలుగలేదు. మఱల పెండ్లి చేసికొమ్మని పెద్దలు జోతిరావును ఒత్తిడి చేసిరి. పిల్లలు లేని లోపము భర్తయందును ఉండవచ్చును గదా, అట్లయినచో భార్య వేఱొక భర్తను తెచ్చుకొనుటకు మీరు ఒప్పుకొందురా యని ఆయన వారిని ప్రశ్నించెనని చెప్పుదురు. రెండవ పెండ్లి మాట అంతటితో ఆగిపోయెను.

వితంతు పునర్వివాహమునకు 1856లో చట్టము వచ్చినను ఆచారము మాఱలేదు. మోసపోయి గర్భవతియైన వితంతువునకు నాడు తోచిన దారులు రెండే: తాను నూతిలో పడుట, లేదా పుట్టిన బిడ్డ గొంతు నులుముట. 1863లో ఫూలే దంపతులు శిశుహత్యా నివారణ గృహమును నెలకొల్పిరి. ఏ వితంతువైనను రహస్యముగా వచ్చి ప్రసవించవచ్చుననియు, బిడ్డను తీసికొనిపోవుటయో విడిచిపోవుటయో ఆమె యిష్టమనియు గోడలపై ప్రకటనలు అంటించిరి. తల్లులకును పిల్లలకును సావిత్రిబాయియే దిక్కయ్యెను.

ప్రాణము తీసికొనబోవుచున్న ఒక బ్రాహ్మణ వితంతువును జోతిరావు వారించి ఇంటికి తెచ్చెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. 1874లో ఆమెకు పుట్టిన మగబిడ్డను ఆ దంపతులు పెంచుకొని యశ్వంతుడని పేరు పెట్టిరి. కన్నతల్లి కులము వానిని చేరదీయలేదు. పెంచిన తండ్రి కులమును వానిని తనవానిగా ఒప్పుకొనలేదు. అట్టి బాలుడు వైద్యుడు కావలెనని జోతిరావు కోరెను; కొడుకు వైద్యవిద్య నేర్చెను. 1887లో జోతిరావు మరణశాసనము వ్రాసి యశ్వంతుని వారసునిగా ప్రకటించెను.

1873లో జోతిరావు స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో స్థిరపడిన తెలుగు కామాఠీలు గట్టి అండగా నిలిచిరి. రామయ్య వెంకయ్య అయ్యవారు వారిలో ముఖ్యుడు. 1888లో బొంబాయి ప్రజలు జోతిరావునకు మహాత్మ బిరుదమిచ్చిరి. ఆ గౌరవము దక్కినను, ఆయన కొడుకునకు పిల్లనిచ్చువారు దొరకుట సులభము కాలేదు. తుదకు సమాజ సభ్యుడైన గ్యానోబా ససాణే తన కుమార్తె రాధ నిచ్చెను. ముందుగా ఇంటి తీరు తెలిసికొనుటకై ఆ బాలిక ఫూలేల యింట కొంతకాలముండెను. 1889లో పురోహితుడు లేకుండ సమాజ పద్ధతిని పెండ్లి జరిగెను.

అప్పటికి జోతిరావు పక్షవాతమున పడియుండెను. కుడిచేయి చచ్చుబడగా ఎడమచేతితో తన కడపటి గ్రంథము సార్వజనిక సత్యధర్మ పుస్తకమును వ్రాసెను. 1890 నవంబరు 28వ తేదీన ఆయన కన్నుమూసెను. శవము లేచు వేళ జ్ఞాతులు అడ్డుపడి, పెంపుడు కొడుకు నిప్పుకుండ పట్టరాదనిరి. తండ్రి శవమెదుట కొడుకు కొడుకు కాకపోవలసివచ్చెను. అంతట సావిత్రిబాయి ముందునకు వచ్చి కుండను తానే చేత పట్టి, భర్త శవమునకు ముందు నడచి చితికి నిప్పు పెట్టెను. తండ్రి చివరి గ్రంథము మఱుసటి యేడు, 1891లో, వెలువడెను.

1897లో పూనాను మహామారి ప్లేగు కమ్ముకొనెను. సైన్యమున వైద్యుడుగానున్న యశ్వంతుని తల్లి పిలిపించెను. ఊరి వెలుపల ససాణేల తోటలో అతడు ఆసుపత్రి తెఱచెను. ముంఢ్వా మహారువాడలో ప్లేగు సోకిన ఒక బాలుని సావిత్రిబాయి వీపుపై మోసికొనివచ్చెను. ఆ బాలుడు బ్రతికెనని చెప్పుదురు. ఆమె మాత్రము ఆ వ్యాధికే గుఱియై 1897 మార్చి 10న మరణించెను. యశ్వంతుడును ప్లేగు రోగులకు సేవ చేయుచునే 1905లో దానికే బలియయ్యెను.

జ్ఞాతులు వాని చేతినుండి తప్పించినది ఒక మట్టికుండ మాత్రమే. తండ్రి నేర్పిన పనిని వానినుండి తప్పింపగలవారు లేకపోయిరి. తల్లిలేని పసివానిని సగుణాబాయి పెంచెను. ఆ పసివాడు పెద్దవాడై తండ్రిలేని బిడ్డను పెంచెను. ఆ బిడ్డ ఎవరి బిడ్డలనియు అడుగక రోగుల ప్రాణములను కాపాడబూనెను. ఫూలే వంశవృక్షము ఇట్లు పెరిగినది.