పేర్ హెన్రిక్ లింగ్

పేర్ హెన్రిక్ లింగ్ (నవంబరు 15, 1776 - మే 3, 1839) స్వీడన్ దేశానికి చెందిన కవి, కత్తిసాము గురువు. వ్యాయామాన్ని చికిత్సగా మలచిన తొలితరం వారిలో ప్రముఖుడు.

జీవితం

లింగ్ స్మోలండ్ ప్రాంతంలో జన్మించాడు. యౌవనంలో తనను బాధించిన చేతి కీళ్ళనొప్పి కత్తిసాము సాధనతో తగ్గడం గమనించాడు. 1804లో లుండ్ చేరి కత్తిసాము బోధిస్తూ శరీర నిర్మాణ శాస్త్రం అభ్యసించాడు. 1813లో ప్రభుత్వ సహాయంతో స్టాక్‌హోమ్‌లో కేంద్ర వ్యాయామ విద్యాలయాన్ని స్థాపించాడు.

చికిత్సా విధానం

ఈయన వ్యాయామాన్ని విద్యా, వైద్య, సైనిక, సౌందర్య విభాగాలుగా వర్గీకరించాడు. వైద్య వ్యాయామంలో రోగి స్వయంగా అవయవాన్ని కదలించడం, చికిత్సకుడు కదలించడం, చికిత్సకుడు ఎదురుబలం చూపుతుండగా రోగి కదలించడం అనే పద్ధతులున్నాయి. తొలుత వైద్యులు దీనిని వ్యతిరేకించినా, 1831లో స్వీడన్ వైద్యసంఘం లింగ్‌కు సభ్యత్వమిచ్చింది. ఎదురుబలంతో చేయించే వ్యాయామం నేటి ఫిజియోథెరపీలోనూ ముఖ్య భాగం.