ఉద్దానానికి తెలిసిన డయాలసిస్.. దాని వెనుక డాక్టర్ ఎవరో తెలుసా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ అనే మాట కొత్త కాదు. కవిటి, సోంపేట, పలాస వైపు ఎన్నో కుటుంబాలకు ఆ మెషీనే దిక్కు. మరి దాన్ని తయారుచేసి మనిషిని బతికించిందెవరు?

ఆయనే విలెం కోల్ఫ్. 1911 ఫిబ్రవరి 14న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టారు. 1938లో గ్రోనింగెన్ ఆస్పత్రిలో కుర్ర డాక్టర్‌గా ఉండగా, కిడ్నీలు పాడైన 22 ఏళ్ల రైతు బిడ్డ ఆయన కళ్లముందే చనిపోయాడు. కొడుకు బతకడని తల్లికి చెప్పాల్సి వచ్చింది కూడా కోల్ఫే. రక్తంలో పేరుకున్న యూరియాను రోజూ కొంచెం తీసేయగలిగితే చాలు కదా అన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. దేశం జర్మనీ చేతుల్లోకి పోయింది. సామాను దొరకని ఆ రోజుల్లో, కాంపెన్ అనే చిన్న ఊరి ఆస్పత్రిలో 1943లో మెషీన్ సిద్ధం చేశారు. సాసేజ్‌లకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకు చుట్టి, ఉప్పు కలిపిన ద్రావణం తొట్టెలో తిప్పారు. గొట్టంలో రక్తం, బయట ద్రావణం. యూరియా బయటికి వచ్చేస్తుంది, రక్తకణాలు లోపలే ఉండిపోతాయి.

కానీ మొదటి రెండేళ్లలో పదిహేను మందికి పైగా చికిత్స చేస్తే దాదాపు అందరూ చనిపోయారు. అయినా ఆగలేదు. 1945లో కోమాలో ఉన్న 67 ఏళ్ల మహిళను బతికించారు. ఆమె నాజీలకు సహకరించిందని నిర్బంధంలో ఉన్న మనిషి. కోల్ఫ్ అది చూడలేదు, రోగిని చూశారు. యుద్ధం అయ్యాక తన మెషీన్లను లండన్, న్యూయార్క్ సహా పలు నగరాల ఆస్పత్రులకు ఉచితంగా ఇచ్చేశారు. 1950లో అమెరికా వెళ్లి, కృత్రిమ గుండెపైనా పనిచేశారు. 2009 ఫిబ్రవరి 11న, 98వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు కన్నుమూశారు.

ఐసీయూలో పిల్లలకు పెట్టే సీఆర్‌ఆర్‌టీ మెషీన్‌కూ మూలం ఆయన చూపిన దారే. మామూలు డయాలసిస్ 3, 4 గంటల్లో అయిపోతుంది. మూడు కిలోల పసికందు ఒంట్లో ఉండే రక్తం పావు లీటరు లోపే. బీపీ పడిపోయిన బిడ్డ అంత వేగాన్ని తట్టుకోలేదు. అందుకే 24 గంటలూ నెమ్మదిగా శుద్ధి చేస్తారు. ఉద్దానంలో పెద్దవాళ్లది ఏళ్ల తరబడి ముదిరే జబ్బు. తీవ్ర ఇన్‌ఫెక్షన్‌తో ఒక్కసారిగా ఆగిన పిల్లల కిడ్నీలు చాలాసార్లు మళ్లీ కోలుకుంటాయి. మెషీన్ పెట్టారంటే జీవితాంతం అని కాదు. ఆ గడ్డు రోజులు దాటించడానికే.