శ్రమకు శిల్పరూప మొసగిన రాయ్ చౌధురి

తిరుత్తణి, తిరువళ్లూరుల నుండి చెన్నపట్టణము పోయిన మన విద్యార్థులు, మెరీనా తీరమున నలుగురు కూలీలు బండరాతిని కదల్చుటకై పెనగులాడుచున్న కంచు విగ్రహమును చూచియే యుందురు. దానినే ఇచ్చటివారు ఉళైప్పాళర్ శిలై యందురు.

ఆ శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారు 1899లో, నేటి బంగ్లాదేశములోని రంగపుర ప్రాంతమున జన్మించిరి. అవనీంద్రనాథ ఠాకూరు కడ చిత్రలేఖనము నేర్చిరి. 1929 మొదలు 1957 వరకు మద్రాసు చిత్రకళాశాలకు అధిపతులై, మన అంట్యాకుల పైడిరాజుగారి వంటి తెలుగువారికిని గురువులైరి. మల్లవిద్య నభ్యసించిన వారగుటచే కండరముల బిగువు వారికి స్వానుభవము. 1958లో పద్మభూషణ పురస్కార మందిరి. 1959 జనవరిలో ఈ విగ్రహము ప్రతిష్ఠింపబడెను. 1975లో వారు పరమపదించిరి.

అదే తీరమునగల గాంధీ మహాత్ముని విగ్రహమును మలచినవారును వీరే. మహాత్మునికి చూపిన శ్రద్ధనే పేరులేని కూలీలకును చూపిరి. ఆ నలుగురిది ఏ భాషయని ఎవరును అడుగరు.

మగ్గమునందో మడియందో పనిచేసి కాయలు కాచిన తండ్రి చేతులను చూచి సిగ్గుపడు బాలుడెవడైన నుండినచో, ఆ విగ్రహమునెదుట ఒక్క నిమిషము నిలువవలెనని మా కోరిక.