అనాథ బాలబంధువు బర్నార్డో

పందొమ్మిదవ శతాబ్దపు లండను మహానగరమున, ఓడరేవు నంటియున్న తూర్పు పేటలలో, అర్ధరాత్రివేళ లాంతరు చేతబట్టి సందుగొందులు గాలించుచు తిరిగెడి పొట్టి మనిషి యొకడుండెను. సంతబండ్ల క్రిందను, ఖాళీ పీపాలలోను, ఇండ్ల కప్పులమీదను ముడుచుకొని నిద్రించు పిల్లలను ఆయన వెదకుచుండెను.

థామస్ జాన్ బర్నార్డో 1845 జూలై 4వ తేదీన ఐర్లండులోని డబ్లిన్ నగరమున జన్మించెను. తండ్రి బొచ్చుతోళ్ల వర్తకుడు. చైనాదేశమునకు వైద్యుడుగను మతప్రచారకుడుగను పోవలెనను సంకల్పముతో ఆ యువకుడు 1866లో లండను చేరెను. ఆ సంవత్సరమే తూర్పు పేటలలో కలరా చెలరేగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. తల్లిదండ్రులు పోగా వీధిపాలైన పిల్లలు ఎటుచూచినను కానవచ్చిరి. వైద్యవిద్య నభ్యసించుచునే 1867లో ఆయన స్టెప్నీలో బీదపిల్లల కొక ఉచిత పాఠశాల తెరచెను. చైనా ప్రయాణము ఎన్నటికిని సాగలేదు.

ఒక చలికాలపు రాత్రి పాఠము ముగిసినను జిమ్ జార్విస్ అను పదేండ్ల బాలుడు కుంపటి విడిచి లేవలేదట. ఇంటికి పొమ్మనగా తనకు ఇల్లే లేదనెను. వానివంటివారు ఇంకను కలరాయని అడుగగా, ఆ బాలుడే ముందు నడచి, ఒక గోడ యెక్కించి, పాతబట్టల సంత దాపున నొక కప్పుమీద కప్పుకొన గుడ్డపేలికయైన లేక పడియున్న పదకొండుమంది బాలురను చూపెనట. ఈ కథ బర్నార్డో స్వయముగా పలుమారులు చెప్పినదే. చెప్పినకొలది వివరములు కొంత మారుచు వచ్చినవని తరువాతి చరిత్రకారులు గ్రహించిరి. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. అమ్మయే లేని బిడ్డ ఎవరిని అడుగవలెను? అందుకే ఆయన అడుగువారికై వేచియుండక లాంతరు తీసికొని తానే బయలుదేరెను.

1870లో స్టెప్నీ కాజ్‌వే అను వీధిలో బాలుర వసతిగృహము వెలసెను. అప్పుచేసి ధర్మము చేయరాదని అప్పట్లో ఆయన నియమము. కావున చేతిలోని సొమ్మునకు తగినన్ని పడకలు, పడకలకు తగినంతమంది పిల్లలు. ఒకనాడు జాన్ సోమర్స్ అను పదకొండేండ్ల బాలుడు వచ్చి చోటిమ్మని వేడుకొనెను. ఎఱ్ఱని జుట్టువలన వానిని తోడివారు క్యారెట్టని పిలిచెడివారు. పడకలు నిండియున్నవి. మరల రమ్మని చెప్పి పంపివేసిరి. కొలది దినములలోనే వాడు ఒక ఖాళీ పీపాలో శవమై కనబడెను. ఆకలియు చలియు కలిసి చంపినవి. దిక్కులేని బిడ్డ నెవరినిగాని త్రిప్పి పంపబోమని ఆ గృహద్వారముపై బర్నార్డో వ్రాయించెను. అప్పుచేయరాదన్న నియమము నాటితో చెల్లిపోయెను.

ఆనాటి ఇంగ్లండున దాతలకు కొదువలేదు. కాని విచారణలేని దానము సోమరితనమును పెంచునని వారిలో పెక్కుమంది విశ్వాసము. 1869లో పుట్టిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ ఈ మతమును ఒక శాస్త్రమువలె నడిపెను. అర్హుడెవడు, అనర్హుడెవడు అని ముందు తేలవలెను, తేలిన పిదపనే సాయము. ఈ వాదమున బలము లేకపోలేదు. కాని తేలునందాక ఆ పిల్లవాడు ఏ పీపాలో తలదాచుకొనవలెను? బర్నార్డో ఈ వరుసను తలక్రిందులు చేసెను. ముందు తలుపు తెరచుట, స్నానము, అన్నము, పడక. ప్రశ్నలు ఆ తరువాత.

ప్రశ్నలు మాత్రము తక్కువ కాదు. వచ్చిన బిడ్డను వైద్యుడు పరీక్షించును. పేరు, వయస్సు, ఎచట పుట్టెను, తల్లిదండ్రులు జీవించియున్నారా, బంధువులెవరు, ఇన్నాళ్లు ఎట్లు బ్రతికెను అను సంగతులు పుస్తకమున కెక్కును. చెప్పినది నిజమా కాదా అని ఉద్యోగి యొకడు ఆ పేటలకు పోయి విచారించును. 1874 మొదలు ఫోటో తీయుటయు ఆచారమయ్యెను. ఇన్ని వివరములు దేనికనగా, ఏ బిడ్డ నే యింట నుంచవలెనో నిర్ణయించుటకు. గుడ్డివారిని, కుంటివారిని, మందబుద్ధులను ఆయన త్రోసిపుచ్చలేదు. స్వంత కుమార్తెలలో ఒకతె పుట్టుకతోనే బుద్ధివికాసము కొఱవడిన బిడ్డయగుటవలన అట్టివారియెడ ఆయనకు ప్రత్యేకమైన ఆర్ద్రత కలిగెనందురు. (మరియొక కుమార్తె సిరీ, ప్రసిద్ధ కథకుడు సోమర్సెట్ మామ్ భార్య.)

ఇల్లనగా గోడలు కప్పు మాత్రమే కావని ఆయన కొంత నష్టపడి నేర్చుకొనెను. 1873లో వివాహమైన పిమ్మట బార్కింగ్‌సైడ్ గ్రామమున పెక్కుమంది బాలికలను ఒక్కచో చేర్చి యుంచెను. గుంపులో పెరుగుచున్న పిల్లలు ఒకరినుండి యొకరు మంచికంటె చెడునే నేర్చుచున్నారని కొలది కాలములోనే తెలిసెను. వెంటనే ఆ పద్ధతిని విడిచి, 1876లో అచటనే చిన్నచిన్న కుటీరముల పల్లెను నెలకొల్పెను. ఒక్కొక్క కుటీరమున కొందఱు బాలికలు, వారికి తల్లివంటి యొక స్త్రీ. పిమ్మట కొందఱు పిల్లలను పల్లెటూళ్ల గృహస్థుల యిండ్లలో ఉంచి, ఖర్చు తామే భరించు పద్ధతి వచ్చెను.

ఇంతటి మనిషియు దోషరహితుడు కాడు. ప్రతిపక్షులు చేసిన నిందలపై 1877లో మధ్యవర్తుల విచారణ జరిగెను. ముఖ్యాంశములలో ఆయన నిర్దోషి యని తేలినను, చందాలకై పిల్లల బట్టలు చింపి మరింత దీనముగా చూపించి ఫోటోలు తీయించుటను వారు గర్హించిరి. పట్టము రాకమున్నే డాక్టరని పిలిపించుకొనుటయు నిజమే; యోగ్యతాపత్రము లభించినది 1876లో. తల్లిదండ్రులు తమ బిడ్డలను తిరిగి యిమ్మని కోర్టుల కెక్కినపుడు ఆయన పలుమారులు ఓడిపోయెను. అయోగ్యులైన తల్లిదండ్రులకు బిడ్డ నప్పగింపకుండుటకు కోర్టుల కధికారమిచ్చు 1891వ సంవత్సరపు చట్టమునకు ఆ వ్యాజ్యములే కారణము.

అన్నిటికంటె బాధాకరమైనది కెనడా వ్యవహారము. 1882 మొదలు పిల్లలను సముద్రము దాటించి రైతుల యిండ్లకు పంపసాగిరి. కొందఱకు అది క్రొత్త జీవితము. కొందఱకు అది కూలిలేని కూలిపని, ఆదరించువారులేని ఒంటరితనము. అన్ని ప్రశ్నలడిగిన పుస్తకములలో నీకు పోవుట యిష్టమేనా అను ప్రశ్నకు తగిన చోటు దొరకలేదు. ఇట్లు పలు సంస్థలు పిల్లలను పరదేశములకు పంపిన విధానమునకు బ్రిటిషు ప్రభుత్వము 2010లో క్షమాపణ చెప్పెను. 2017లో కెనడా పార్లమెంటు దిగువసభయు అట్లే చేసెను.

బర్నార్డో 1905 సెప్టెంబరు 19న మరణించెను. నాటికి 96 గృహములలో ఎనిమిదివేల అయిదువందలకు పైగా పిల్లలుండిరి. ఆయన జీవితకాలమున ఆశ్రయము పొందినవారు దాదాపు అరువదివేలమంది. నాడు నిందకు గురియైన ఫోటోలు, ఓపికతో నింపిన ఆ పుస్తకములు నేటికిని భద్రముగా నున్నవి. తమ తాత పుట్టిన వీధి యేది, ఆయన తల్లి పేరేమి, ఆమె యేమైనది అని తెలిసికొనుటకు కెనడాలోని మనుమలు ఆ పుటలనే వెదకించుచు వచ్చిరి.