జి. డి. నాయుడుగారి రెండువేల రూపాయల కారు

కోయంబత్తూరునకు తూర్పున, సూలూరు సమీపమున, కలంగల్ అను పల్లె కలదు. ఆ ప్రాంతమున తరతరములుగా సేద్యము చేసికొనుచు, ఇంటిలో తెలుగును బజారులో తమిళమును మాట్లాడు నాయుళ్ల కుటుంబములు అనేకము. అట్టి యొక కుటుంబమునందు 1893 మార్చి 23వ తేదీన గోపాలస్వామి దొరస్వామి నాయుడు జన్మించెను. లోకము ఆయనను జి. డి. నాయుడుగా ఎరుగును. పసితనముననే తల్లి గతించినది. ప్రాథమిక విద్యతోనే చదువు ముగిసినది. బడిలో ఉపాధ్యాయుల ముఖముపై ఇసుక చల్లి పారిపోయెడివాడని చెప్పుదురు. ఈ పుట చదువు ఉపాధ్యాయులు ఆ బాలుని మన్నింతురు గాక. ఆ బాలుడే పెద్దవాడై ఒక ఇంజనీరింగు కళాశాలకు అధ్యక్షత వహించుట విధి చమత్కారము.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది ఒక మోటారు సైకిలు. యౌవనారంభమున ఒకనాడు ఆంగ్ల రెవిన్యూ అధికారి యొకడు రడ్జ్ మోటారు సైకిలుపై పోవుట ఆ యువకుని కంటబడెను. ఎద్దుగాని గుఱ్ఱముగాని లేక పరుగెత్తు ఆ బండి తనకు కావలెనని నిశ్చయించుకొని, కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరి, సుమారు మూడేండ్లు పనిచేసి, 300 రూపాయలు కూడబెట్టి దానిని కొనెను. కొన్నవాడు ఎక్కి ఊరేగుటతో తృప్తిపడలేదు. బండిని మరకు మర విప్పి, ప్రతి భాగమును చూచి, తిరిగి బిగించెను. ఆయనకు మోటారు విద్యాలయము ఆ బండియే.

ఈ విప్పి బిగించుటలోని విలువను నేటి యువకులు గ్రహింపవలెను. హైదరాబాదునకు పడమటనున్న పుప్పాలగూడ, హైటెక్ సిటీ ప్రాంతములందు ఉద్యోగము చేయు కుఱ్ఱవానికి, తన సాధారణ కారునకు తక్కువ ఖర్చులో టర్బో తగిలించి బలము పెంచవలెనను ముచ్చట కలుగుట సహజము. టర్బో అనునది ఆల్ఫ్రెడ్ బ్యూకి అను స్విస్ ఇంజనీరు 1905లో పేటెంటు పొందిన ఉపాయము. ఇంజను నుండి వృథాగా వెడలు వేడి పొగచేత ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసుపైనున్న రెండవ చక్రముచే గాలిని అదిమి సిలిండరులోనికి పంపుదురు. గాలి హెచ్చినకొలది పెట్రోలును హెచ్చుగా మండింపవచ్చును, బలము పెరుగును. వినుటకు ఇంతియే. కాని టర్బో లేకుండ నిర్మించిన నేటి పెట్రోలు ఇంజనులో పిస్టను తానే గాలిని సుమారు పది రెట్లు అదుముచుండును. ముందే అదిమిన గాలిని దానికి మేపినచో, ప్లగ్గు అంటించిన మంట చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంత తాను ప్రేలి, ఇంజను టకటక మ్రోగి, తుదకు పిస్టను పగులును. కావున పెట్రోలు కొలత మార్చవలెను. చల్లార్చు ఏర్పాటు పెంచవలెను. టర్బో ఇరుసునకు నూనె అందింపవలెను. పాత సామానుల అంగడిలో టర్బో చౌకగా దొరకినను, అసలు ఖర్చు దాని చుట్టునే యున్నది. పైగా రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము సమ్మతింపదు. నాయుడుగారు తన 300 రూపాయల బండికి ఏదైనను తగిలించుటకు మునుపు, ఉన్నది ఎట్లు నడచుచున్నదో తెలిసికొనిరి.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆయన ప్రత్తి వ్యాపారమునకు దిగి లాభము గడించిరి. ఆ ధనమును బొంబాయికి కొనిపోయి, అచ్చటి ప్రత్తి బేరములలో పోగొట్టుకొనిరి. చేయి ఖాళీయైన ఆ మనుష్యునకు కోయంబత్తూరునందలి స్టేన్స్ అను ఆంగ్ల వర్తకుడు సాయపడగా, 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుండి పళనికి తామే నడిపిరి. ఆ ఒక్క బస్సు క్రమముగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థయైనది. బస్సులు పెరిగినకొలది మరమ్మతు పెరుగును. మరమ్మతు పెరిగినకొలది కొత్త పరికరములు కావలసివచ్చును. వానిని సీమ నుండి తెప్పించుటకు బదులు తమ కర్మశాలలోనే చేయింపసాగిరి. బస్సుల యజమాని యంత్ర నిర్మాతగా మారుటకు దారి ఇట్లేర్పడినది.

1937లో పీలమేడునందు నాయుడుగారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో భారతదేశపు తొలి విద్యుత్ మోటారు తయారైనది. దాని నిర్మాణమున డి. బాలసుందరం నాయుడుగారి హస్తము ముఖ్యమైనది. ఈ మాట చెప్పక కీర్తినంతను ఒకరికే కట్టబెట్టుట న్యాయము కాదు. ఐరోపా యాత్రలలో నాయుడుగారు కెమేరా చేతబట్టి తిరుగుచు, 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను సైతము చలనచిత్రముగా తీసిరి. బ్యాటరీతో నడచు క్షౌరపు మర, మిక్కిలి పలుచని బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా ఆయన చేసినవే. కరెంటు ఎరుగని పల్లెలు లెక్కకు మిక్కిలిగా నున్న నాడు కిరసనాయిలు పంకాను తలచినవాడు ఎవరి కొరకు ఆలోచించెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేయగలనని ప్రకటించిరి.

ఇక కారు మాట. 1952లో ఇద్దరు కూర్చుండు చిన్న పెట్రోలు కారును ఆయన బయటికి తెచ్చిరి. వెల 2,000 రూపాయలు. నాటి బజారులోని కారుల వెల దీనికి అనేక రెట్లు. కాని పరిశ్రమలను అభివృద్ధిపరచి క్రమబద్ధము చేయుటకై 1951లో చేసిన శాసనము అప్పుడే అమలులోనికి వచ్చినది. మోటారు కారులు చేయదలచినవారు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు నాయుడుగారికి లభింపలేదు, నిర్మాణము నిలిచిపోయినది. విదేశీ మారకద్రవ్యము స్వల్పముగానున్న ఆ దినములలో ప్రభుత్వమునకు తన లెక్కలు తనకుండవచ్చును. అయినను, చేయగల చేతిని అంత తొందరగా నిలుపుట నష్టమేయని నా తలంపు. సామాన్యునికి లక్ష రూపాయల కారని టాటావారి నానో 2009లో అమ్మకమునకు వచ్చునప్పటికి ఆ రెండువేల కారు పుట్టి 57 ఏండ్లు గడచినవి.

1945లో కోయంబత్తూరున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల వెలసినప్పుడు నాయుడుగారే దానిని నడిపిరి. అదియే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఇంజనీరును తయారుచేయుటకు నాలుగేండ్లు వ్యర్థమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన వాదము. నాటి ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఆయన పదవి విడిచిరి. ఈ విషయమున నేను పూర్తిగా ఆయన పక్షము కాను. విప్పి బిగించుట రెండేండ్లలో పట్టుబడవచ్చును. సిలిండరులో గాలి ఎంత అదిమిన ఎంత వేడెక్కునో, ఏ లోహము దానికి ఆగునో లెక్కకట్టుటకు చదువే కావలెను. కాని నాలుగేండ్లు చదివియు స్పానరు ముట్టని విద్యార్థిని చూచినప్పుడు నాయుడుగారి కోపము జ్ఞప్తికి వచ్చును.

కోపము ఆయనకు ఎక్కువే. పన్నుల భారమును నిరసించుచు, తాము చేసిన రేడియోలు, గడియారములు మున్నగు వానిని బహిరంగముగా పగులగొట్టించిరి. కష్టించి చేసిన వస్తువును ఆ విధముగ నాశనము చేయుట మెచ్చదగినది కాదు. అయినను 300 రూపాయల కొరకు మూడేండ్లు హోటలులో ఎంగిలి బల్లలు తుడిచినవాడు ఆ పని చేసెనన్నచో, ఆ గాయము ఎంత లోతైనదో ఊహింపవచ్చును.

తరువాత ఆయన మనస్సు పొలములపైకి మరలినది. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కలపై ప్రయోగములు చేసిరి. సర్ సి. వి. రామన్ ఆయన ప్రతిభను మెచ్చుకొనిరి. 1974 జనవరి 4వ తేదీన, ఎనుబది యేండ్ల వయస్సున, నాయుడుగారు కన్నుమూసిరి. కోయంబత్తూరునందు అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల కలదు. బడి పిల్లలను బస్సులలో అచ్చటికి తీసికొనిపోవుచుందురు.