శత్రువుల సొత్తునూ కాపాడిన విశ్వసనీయుడు ముహమ్మద్ ప్రవక్త

భిలాయి: దేశం నలుమూలల నుంచి వచ్చినవారు స్థిరపడిన ఈ ఉక్కు నగరంలో ముస్లింల మాతృభాషలు వేరైనా నమాజు విధానం ఒక్కటే. దానికి మూలం ముహమ్మద్ ప్రవక్త (స) ఆచరణ. దానినే సున్నత్ అంటారు.

క్రీ.శ. 570 ప్రాంతంలో మక్కాలో జన్మించిన ఆయన పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ల ప్రాయంలో తల్లిని కోల్పోయారు. వర్తకంలో నిజాయితీ వల్ల అల్ అమీన్, అంటే విశ్వసనీయుడు, అని పేరుపొందారు. 610లో హిరా గుహలో తొలి దివ్యవాణి అవతరించిందని ముస్లింల విశ్వాసం. ఏకేశ్వరారాధనను బోధించినందుకు ఖురైష్ పెద్దలు ఆయనకు విరోధులయ్యారు. అయినప్పటికీ మక్కావాసులు విలువైన వస్తువులను ఆయన వద్దే దాచుకునేవారని సంప్రదాయ చరిత్రలు చెబుతున్నాయి. 622లో ప్రాణాపాయం ముంచుకొచ్చి మదీనాకు వలస వెళ్లే వేళ కూడా ఆ సొత్తును యజమానులకు చేర్చే బాధ్యతను అలీకి అప్పగించారు. 630లో మక్కా వశమైనప్పుడు, తనను వెళ్లగొట్టినవారిలో అత్యధికులను క్షమించారు. 632లో మదీనాలో తుదిశ్వాస విడిచారు.

సహచరులు జ్ఞాపకం ఉంచుకున్న ఆయన నడవడి తరాల తరబడి అంది, 9వ శతాబ్దంలో బుఖారీ వంటి పండితుల హదీసు సంకలనాలలో స్థిరపడింది. ఆరాధనా విధులతో పాటు తూకంలో న్యాయం, అమానతు పరిరక్షణ, పొరుగువారి హక్కు కూడా ముస్లిం అస్తిత్వంలో భాగమైనది ఆ నడవడి వల్లనే.